పొగకూ ఉందో పంచాంగం

పెళ్లి తేదీ పురోహితుడు పెడతాడు. ఫంక్షన్ హాలు దొరకడాన్ని బట్టి అది కాస్త అటూ ఇటూ జరుగుతుంది. హనీమూన్ ఎక్కడికన్నది మాత్రం పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఫోన్లో ఫొటోలు చూసుకుని తేల్చుకుంటారు. తాజ్‌మహల్ ముందు పాలరాతి బల్ల, చియాంగ్ మాయ్ కొండ మీద బంగారు గుడి, నైనీతాల్ సరస్సులో పడవ. ఆ ఫొటో ఏ నెలలో తీశారని ఎవరూ అడగరు. తీరా వెళ్లాక తాజ్ కనబడదు. కొండా కనబడదు. సరస్సు చుట్టూ ఉన్న అడవేమో అంటుకుని ఉంటుంది.

దీన్ని దురదృష్టం అనుకోనక్కర్లేదు. ఉత్తర భారతంలోనూ ఆగ్నేయాసియాలోనూ గాలి ఏటా దాదాపు అవే నెలల్లో, అవే కారణాలతో చెడిపోతుంది. ఆ నెలలు తెలుగువారి పెళ్లిళ్ల రోజులతో కలిసిపోవడమే అసలు చిక్కు. పుష్యం, ఆషాఢం, భాద్రపదం, మూఢాలు తీసేస్తే మనకు ప్రధానంగా మిగిలేవి కార్తీక మార్గశిరాలు, మాఘ ఫాల్గుణాలు, వైశాఖ జ్యేష్ఠాలు, శ్రావణం. వీటిలో ప్రతిదానికీ ఏదో ఒక దిక్కున పొగ పట్టి ఉంటుంది. ముహూర్తాన్ని ముందుకో వెనక్కో జరపడం పిల్లల చేతుల్లో ఉండదు కాబట్టి వాళ్లు మార్చుకోగలిగింది ఊరే.

కార్తీకంలో ఢిల్లీ దారి

కార్తీక మార్గశిరాల్లో పెళ్లయిన జంటలకు ట్రావెల్ ఏజెంట్లు ముందుగా చూపించే ప్యాకేజీల్లో ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ ఒకటి. సరిగ్గా అప్పుడే పంజాబ్, హర్యానాల్లో వరి కోతలు పూర్తవుతాయి. కోత యంత్రం వరి కొయ్యలను నిలువునా వదిలేసి పోతుంది. గోధుమ విత్తడానికి రైతుకు ఉండే వ్యవధి రెండు మూడు వారాలు మించదు. చవకైన దారి అగ్గిపుల్ల. భూగర్భ జలాలను కాపాడేందుకు 2009లో పంజాబ్ తెచ్చిన చట్టం నాట్లను జూన్‌కు జరిపింది. దాంతో కోతలూ వెనక్కి జరిగాయి, కొయ్యలు తగలబెట్టే రోజులు గాలి కదలని చలి రోజుల్లోకి వచ్చి పడ్డాయి.

అయితే నెపమంతా రైతు మీద వేస్తే లెక్క తప్పుతుంది. వాహనాలు, ఫ్యాక్టరీలు, కట్టడాల దుమ్ము, చెత్త మంటలు ఢిల్లీలో ఏడాది పొడుగునా ఉండేవే. వేసవిలో వేడెక్కిన గాలి పైకి లేచి వాటిని ఎత్తుకు తీసుకుపోతుంది. చలికాలంలో నేలను ఆనుకున్న గాలి చల్లగా, దానిపై పొర వెచ్చగా ఉండి, మూత పెట్టిన కుండలో ఆవిరిలా పొగంతా కిందే తిరుగుతుంది. అందుకే నవంబరు చివరికి పొలాల మంటలు ఆరినా జనవరి దాకా ఊపిరి ఆడదు. 2017 డిసెంబరులో ఢిల్లీ టెస్టులో శ్రీలంక ఆటగాళ్లు ముఖాలకు మాస్కులు కట్టుకుని ఫీల్డింగ్ చేశారు. 2024 నవంబరు 18న ఆ నగర గాలి నాణ్యత సూచీ 494. ఆ కొలబద్ద ఆగిపోయేదే 500 దగ్గర.

ఆగ్రా సంగతి మరో రకం. తాజ్ పాలరాయిని కాపాడేందుకు చుట్టుపక్కల బొగ్గు వాడే పరిశ్రమలు గ్యాస్‌కు మారాలని, లేదంటే తరలిపోవాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. కానీ గంగా మైదానం మొత్తాన్ని కప్పే పొగమంచుకు ఆ తీర్పుతో పనిలేదు. డిసెంబరు చివర, జనవరి మొదట్లో తెల్లవారుజామున తాజ్ దగ్గరికి వెళ్లినవాళ్లకు ఒక్కోసారి ఎదురుగా తెల్లటి గోడే కనిపిస్తుంది. రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, విమానాలు దారి మళ్లుతాయి.

సిమ్లా, మనాలీ వెళ్లేవారికి ఇంత ఇబ్బంది లేదు. రెండు వేల మీటర్ల ఎత్తున మైదానపు పొగ కిందే ఉండిపోతుంది. వాళ్లు ఢిల్లీని విమానం మారే చోటుగా మాత్రమే చూసుకుని, అక్కడి రెండు రోజుల సైట్ సీయింగ్‌ను ప్యాకేజీలోంచి కొట్టేయించుకుంటే చాలు. శ్రీనగర్‌కు మాత్రం ఎత్తొక్కటే చాలదు, అది చుట్టూ కొండలున్న లోయ. శరదృతువులో రాలిన చినార్ ఆకుల్ని జనం కాల్చి, కాంగ్‌డీ కుంపట్లలోకి బొగ్గు చేసుకుంటారు. ఆ పొగా చలికాలపు పొయ్యిల పొగా లోయలోనే నిలిచిపోతాయి. అక్కడ దాల్ సరస్సు దగ్గర రోజులు తగ్గించి గుల్మార్గ్‌లో పెంచుకోవడం మేలు.

విచిత్రంగా, ఉత్తరాది మసకబారే ఈ కార్తీకంలోనే థాయిలాండ్ ఉత్తర భాగం కడిగిన అద్దంలా ఉంటుంది. అక్కడ వానలు అప్పుడే వెనక్కి తగ్గి ఉంటాయి, కొండలు పచ్చగా ఉంటాయి. మన కార్తీక పౌర్ణమి రోజుల్లోనే చియాంగ్ మాయ్‌లో యీ పెంగ్ పండుగ వస్తుంది. కాగితపు దీపాలు ఆకాశంలోకి వదులుతారు, లోయ్ క్రతోంగ్ పేరుతో నీటిలో దీపాలు విడుస్తారు. గోదావరిలో అరటిదొప్ప వదిలిన చేతులకు అది పరాయి పండుగ అనిపించదు.

మాఘంలో చియాంగ్ మాయ్

అదే ఊరికి మాఘంలోనో ఫాల్గుణంలోనో వెళ్తే కథ తలకిందులవుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా అక్కడివాళ్లు దాన్ని మంటల కాలం అనే పిలుస్తారు. పశువుల దాణా కోసం పండించే మొక్కజొన్న చేలలో మిగిలిన చొప్పను కాలుస్తారు, అడవుల్లో ఎండుటాకులకు నిప్పంటుకుంటుంది. సరిహద్దు దాటి మయన్మార్, లావోస్‌ల నుంచీ పొగ వచ్చి చేరుతుంది. చియాంగ్ మాయ్ కూడా కొండల మధ్య లోయే కావడంతో ఆ పొగ కదలదు. ఊరికి ఆనుకునే ఉన్న దోయ్ సుతేప్ కొండ రోజుల తరబడి మాయమవుతుంది. ఆ వారాల్లో ప్రపంచంలోని అతి కలుషిత నగరాల జాబితాలో చియాంగ్ మాయ్ పేరు పదేపదే మొదటికి వస్తుంది.

స్థానికులు దీన్ని వాతావరణం అని సరిపెట్టుకోవడం మానేశారు. 2023 ఏప్రిల్‌లో వాళ్లు ఏకంగా దేశ ప్రధాని మీద చియాంగ్ మాయ్ పరిపాలనా న్యాయస్థానంలో కేసు వేశారు. కాలుష్యాన్ని అదుపు చేసే అత్యవసర ప్రణాళికను 90 రోజుల్లో తేవాలని 2024 జనవరిలో ఆ కోర్టు ఆదేశించింది.

చియాంగ్ రాయ్, పాయ్, లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్ కూడా ఇదే పొగ దారిలో ఉన్నాయి. బ్యాంకాక్‌కు చలికాలంలో వేరే పొగ. 2025 జనవరిలో అక్కడ మూడు వందలకు పైగా బడులు మూసేశారు, జనం కార్లు వదలాలని వారం రోజులు బస్సులు, మెట్రో రైళ్లు ఉచితంగా నడిపారు. థాయిలాండ్ మానేయాల్సిన పని మాత్రం లేదు. చియాంగ్ మాయ్‌కు వెయ్యి కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉన్న పుకెట్, క్రాబీల్లో అవి ఎండ కాసే నెలలు, సముద్రపు గాలి వీచే నెలలు. ఒకే దేశంలో కొండల వైపు టికెట్‌ను తీరం వైపు మార్చుకుంటే సరిపోతుంది.

మరి మాల్దీవులు? నీలాకాశం తప్ప మరేమీ ఉండదనుకునే ఆ దీవుల మీదే 1999లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. హిందూ మహాసముద్ర ప్రయోగంగా పేరుపడ్డ దానికి వీరభద్రన్ రామనాథన్, నోబెల్ గ్రహీత పాల్ క్రట్జెన్ నాయకత్వం వహించారు. జనవరి నుంచి మార్చి దాకా వీచే ఈశాన్య గాలులు దక్షిణాసియా పొగను సముద్రం మీదికి మోసుకుపోతాయని, అక్కడ గోధుమరంగు తెర కమ్ముతుందని ఆ బృందం కొలిచి చూపింది. మన నగరాల గాలితో పోలిస్తే అది ఎన్నో రెట్లు మెరుగే, భయపడాల్సినదేమీ లేదు. కొన్ని రోజులు సముద్రం ఆకాశంతో కలిసే చోట గీత పాలిపోయి కనిపిస్తే మాత్రం దాని వెనుక మన పొయ్యిలూ వాహనాలూ ఉన్నాయి.

వైశాఖంలో కొండలు

ఎండలు ముదిరాక తెలుగు జంటలు చల్లటి కొండలు వెతుక్కుంటారు. అయితే ఉత్తరాఖండ్‌లో అటవీశాఖ లెక్క ప్రకారం ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 వరకు అగ్గి కాలం. అక్కడి చీర్ పైన్ చెట్ల సూదుల్లాంటి ఆకులు నేల మీద మందంగా రాలి, జిగురు వల్ల ఇట్టే అంటుకుంటాయి. 2024 ఏప్రిల్‌లో మంటలు నైనీతాల్ అంచుల దాకా వచ్చాయి. సరస్సులో పడవలు ఆపేశారు. వాయుసేన హెలికాప్టర్లు భీమ్‌తాల్ సరస్సులో నీళ్లు తోడుకుని అడవి మీద పోశాయి. నేపాల్‌లోనూ అంతే. 2021 మార్చి చివర అక్కడ పొగ మూలంగా దేశమంతా నాలుగు రోజులు బడులకు సెలవిచ్చారు. పోఖరాలో ఫేవా సరస్సు నీటిలో మచ్ఛపుచ్ఛ్రే శిఖరం నీడ చూడాలనుకునేవారికి అక్టోబరు, నవంబరు నెలలే నమ్మదగినవి.

వైశాఖంలో కశ్మీర్ మంచి ఎంపిక. పొయ్యిలు ఆరి, గాలి ఆడుతూ, ఏప్రిల్‌లో తులిప్ తోటలు పూచి ఉంటాయి. జూన్ నాటికి లద్దాఖ్ దారులూ తెరుచుకుంటాయి. ఊటీ, కొడైకెనాల్‌లలో అడ్డం పొగ కాదు, కార్ల వరుస. మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి అక్కడికి వెళ్లే వాహనాలకు ఈ-పాస్ పెట్టారు.

శ్రావణంలో పీట్ నేలల మంట

ఆషాఢంలో విడిగా ఉన్న కొత్త జంట శ్రావణంలో కలిసి ప్రయాణం కడితే చూడాల్సిన పటం ఇండోనేషియాది. సుమత్రా, కాలిమంతాన్ దీవుల్లో పీట్ అనే నేలలున్నాయి. వేల ఏళ్లుగా సగమే కుళ్లిన చెట్టుచేమ మేటలు వేసిన చిత్తడి అది. తోటల కోసం కాలువలు తవ్వి ఎండగడితే ఆ నేల నేలే కాలుతుంది, లోలోపల వారాల తరబడి రగులుతుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఈ బెడద, ఎల్‌నినో ఏడాదైతే మరీ ఎక్కువ. 1997, 2015 అలాంటివే. 2013 జూన్ 21న సింగపూర్ కాలుష్య సూచీ 401ని తాకింది. పొరుగు దేశాల పొగను అరికట్టేందుకు ఆసియాన్ దేశాలు 2002లోనే ఒప్పందం చేసుకున్నాయి. ఇండోనేషియా దాన్ని ఆమోదించింది 2014లో.

ఆ నెలల్లో గాలి ఆగ్నేయం నుంచి వీస్తుంది. అందుకే పొగ సింగపూర్, మలేషియా వైపు పోతుంది. అదే దేశంలో ఉన్నా బాలి గాలికి ఎగువన ఉండి చాలావరకు తప్పించుకుంటుంది. సింగపూర్, లంగ్కావీ, బాలి మూడూ కలిపిన ప్యాకేజీ తీసుకునేవారు బాలికి ఎక్కువ రోజులు కేటాయించుకోవచ్చు.

అమెరికాలో ఉద్యోగం చేస్తూ శ్రావణంలో ఇంటికొచ్చి పెళ్లి చేసుకుని తిరిగి వెళ్లే జంటలకూ ఇలాంటి లెక్కే ఉంది. పశ్చిమ తీరంలో ఆగస్టు, సెప్టెంబరు కార్చిచ్చుల నెలలు. 2020 సెప్టెంబరులో పొగ వల్ల యోసెమిటీ పార్కు మూసేశారు. 2021 ఆగస్టు 30న మంటలు తరుముకొస్తుంటే సౌత్ లేక్ తాహో పట్టణం మొత్తాన్ని ఖాళీ చేయించారు.

ఇక్కడ మన దేశానికి ఒక వరం ఉంది. శ్రావణంలో వానలు ఉత్తరాది గాలిని కడిగేస్తాయి. ఢిల్లీ ఏడాదిలో బాగా ఊపిరి పీల్చుకునేది ఆ రోజుల్లోనే. ఉక్కపోత, జల్లులు భరించగలిగితే మబ్బుల కింద తాజ్, నిండిన చెరువులతో ఉదయ్‌పూర్ అప్పుడే చూడాలి. హోటళ్లకూ అది రద్దీ లేని కాలం.

అంకెలు ఎలా చదవాలి

యాప్‌లో కనిపించే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) ఒక్కటే చూస్తే మోసపోయే వీలుంది, ఎందుకంటే దేశానికో కొలబద్ద. పీఎం 2.5 అంటే వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా లేని, ఊపిరితిత్తుల లోతుకు పోయే ధూళి. అది ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములుంటే మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూచీ 100 చూపించి 'సంతృప్తికరం' అంటుంది. అమెరికా కొలబద్ద వాడే యాప్ అదే గాలికి 150 దాటించి 'అనారోగ్యకరం' అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు పెట్టిన హద్దు 15. రెండు ఊళ్లను పోల్చాలంటే యాప్ రంగులూ సూచీలూ వదిలి మైక్రోగ్రాములు చూడాలి. నిరుడు, అంతకు ముందేడు అవే రెండు వారాల్లో ఎంత ఉందో వెతికితే ఆ ఊరి స్వభావం తెలుస్తుంది. ఉపగ్రహాలు పసిగట్టిన మంటల్ని నాసా వారి ఫర్మ్స్ పటం ఎవరికైనా ఉచితంగా చూపిస్తుంది.

ఇద్దరిలో ఒకరికి ఆస్తమా ఉంటే ప్రయాణానికి ముందు డాక్టర్‌ను కలవడం, ఇన్‌హేలర్ చేతి సంచీలో పెట్టుకోవడం తప్పనిసరి. చేతిరుమాలు, బట్ట మాస్కు ఈ ధూళిని ఆపవు. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్‌95 కావాలి. గదిలో స్ప్లిట్ ఏసీ ఉందని నిశ్చింతగా ఉండకూడదు, అది లోపలి గాలినే తిప్పుతుంది. ఎయిర్ ప్యూరిఫయర్ ఉందా అని హోటల్‌ను ముందే అడగాలి. పొగ రోజుల్లో వేకువ నడక మానేసి, నేల వేడెక్కి గాలి కదిలే మధ్యాహ్నం తర్వాత బయటికి వెళ్లడం నయం.

ప్యాకేజీ ఖాయం చేసేముందు ఏజెంట్‌ను ఒకటి అడగవచ్చు: అనుమానం ఉన్న ఊరిని చివరికి జరిపి, అక్కడి గదిని మూడు నాలుగు రోజుల ముందు వరకు ఉచితంగా రద్దు చేసుకునే వీలుతో తీసుకోగలరా అని. సరేనంటే, మొదటి ఊళ్లో ఉండగానే మంటల పటం చూసుకుని తర్వాతి టికెట్ కొండలకా, తీరానికా అన్నది ఆ జంటే తేల్చుకుంటుంది.