మూలచిత్రమును చెరపవద్దు

సోలాపురమున నున్నను, బరంపురమున నున్నను, ఆరణిలో నున్నను, నేడు మన నేత కుటుంబములు చీర మగ్గము దిగగానే సెల్‌ఫోనుతో ఫొటో తీసి కొనుగోలుదారులకు పంపుచున్నవి. పంపుటకు ముందు వెలుగు పెంచుట, రంగు దిద్దుట, అక్కరలేని భాగము కత్తిరించుట మామూలైనది. దిద్దుట తప్పు కాదు. దిద్దినదానిని అసలు ఫొటో మీదనే భద్రపరచుట తప్పు.

మా అనుభవమునే మనవి చేసెదము. మా యింట ఒక పాత పట్టుచీర యుండెను. మడతల వద్ద చిరుగుచున్నందున ఫొటో తీసి యుంచితిమి. పిమ్మట ఒక షావుకారుకు చూపుటకై వెలుగు బాగుగా పెంచి, చెంగు మాత్రము మిగులునట్లు కత్తిరించి, అదే ఫొటోపై భద్రపరచితిమి. రెండేండ్లకు చీర పీలికలై పోయినది. ఆ చీరను తిరిగి నేయుదమని గ్రాఫు కాగితము ముందుంచుకొని కూర్చుంటిమి. ఫొటోలో అంచే లేదు. చెంగులోని జరీ బుటాలు తెల్లని మచ్చలుగా నున్నవి. మా యింటి పెద్దామెకు అంచులోని కుంభముల వరుస జ్ఞాపక మున్నది గాని, పోగుల లెక్క జ్ఞాపకము లేదు.

ఇట్లేల జరుగును? ఫొటోలోని ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల కొలతలుండును. మామూలు జెపెగ్ ఫొటోలో ఒక్కొక్క కొలత 0 మొదలు 255 వరకే. వెలుగు మిక్కిలిగా పెంచినపుడు 230, 240, 250 అని వేరువేరుగా నున్న జరీ మెరుపులన్నియు 255 వద్ద కలిసిపోవును. కలిసిన పిదప వెలుగు తగ్గించినను అవి విడిపోవు. అదిగాక, 1992లో ప్రమాణముగా వచ్చిన జెపెగ్ పద్ధతి ఫొటోను నిలువున 8, అడ్డమున 8 చుక్కల గళ్లుగా విడదీసి, కంటికంతగా ఆనని వివరములను వదలివేయును. రంగుల వివరమును తరచుగా మరింత పలుచన చేయును. దిద్ది మరల మరల భద్రపరచిన కొలది ఈ నష్టము పేరుకొనును. సన్నని రంగుపోగుల వివరమునకే దీనివలన ఎక్కువ హాని.

అసలును ముట్టక దిద్దు పద్ధతి కలదు. అది మనకు బోధపడనిది కాదు. జాకార్డు మగ్గమున బుటా లెక్క యంతయు అట్టలలో నుండును. అట్టలు మార్చిన బుటా మారును గాని, పడుగు మారదు. అట్లే 2007లో వెలువడిన లైట్‌రూమ్, ఉచితముగా దొరకు డార్క్‌టేబుల్ మొదలగు సాధనములు “వెలుగు ఇంత పెంచుము, ఇచ్చట కత్తిరించుము” అను ఆజ్ఞలను వేరుగా వ్రాసికొని, చూపునపుడు మాత్రము అమలు జరుపును. పంపవలసినపుడు క్రొత్త ప్రతి తీసి యిచ్చును. ఏ ఆజ్ఞనైనను ఎప్పుడైనను రద్దు చేయవచ్చును. ఫొటోషాపులో సైతము 1996 నుండి సవరణ పొరలున్నవి. పొరలతో కూడ భద్రపరచిన ఫైలులో పొర తీసివేసిన వెంటనే అసలు బొమ్మ కనబడును.

కంప్యూటరు లేనివారు ఈ నాలుగు సంగతులు పాటించిన చాలును.

1. దిద్దుటకు ముందే ఫొటోకు నకలు తీసి, నకలునే దిద్దవలెను.
2. అసలు ఫొటోలను ఫోనులోనే గాక, పెన్‌డ్రైవు వంటి మరియొక చోట కూడ ఉంచవలెను.
3. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన కుదించబడును. ఇంటివారికి దాచుటకు పంపునపుడు డాక్యుమెంటుగా పంపవలెను.
4. పాత చీర ఫొటో తీయునపుడు ప్రక్కన తెల్లకాగితము, స్కేలు ఉంచవలెను. రంగు సరిచూచుటకు కాగితము, కొలతకు స్కేలు పనికివచ్చును. చీర మొత్తమును, అంచును, చెంగును విడివిడిగా తీయవలెను.

పెట్టెలలో పెద్దల నాటి చీరలు గల సోదర సోదరీమణులు ఈ వారమే వానిని పగటి వెలుతురున పరచి, ఫొటో తీసి, అసలును అట్లే దాచవలెనని మా విన్నపము. మాకు జరిగిన నష్టము మీకు జరుగరాదు.