తప్పుల్లేని ఉత్తరం

దసరా సెలవులకి మా అమ్మ వాళ్ల ఊరు వెళ్లొచ్చాక, మూడో తరగతి చదువుతున్న మా వాడి చేత అమ్మమ్మకి ఉత్తరం రాయించాను. ఫోనుండగా ఉత్తరమేమిటని మావారు నవ్వారు గానీ, నా బాధ నాది. వాడిది ఇంగ్లీషు మీడియం బడి. రోజుకి ఒక్క పీరియడు తెలుగు. 1వ తరగతి నుంచి 10 వరకు తెలుగు తప్పనిసరి అని తెలంగాణలో 2018లో చట్టం చేశారు. సంతోషమే. పుస్తకం వచ్చింది, పరీక్ష వచ్చింది. రాయడం రావాలంటే మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు పక్కన కూర్చోక తప్పదు. ఆ ఒకరు ఎవరో వేరే చెప్పాలా?

వాడు నాలుక బయటపెట్టి, పెన్సిలు రెండుసార్లు చెక్కుకుని, పేజీన్నర రాశాడు. నేను ఎర్ర పెన్ను తీశాను. కథలు రాసేదాన్ని కదా, అక్షరం తప్పు కనబడితే అన్నంలో రాయి తగిలినట్టే ఉంటుంది నాకు. "ఎల్లాం", "అమమ", "ఇస్టం", "జును"... సున్నాలు చుట్టుకుంటూ పోతే పాతిక దాటాయి. ఒక్కొక్కటీ పదిసార్లు రాసి, ఆదివారం ఫెయిర్ కాపీ చెయ్యమన్నాను. మా బళ్లో మాకు చేసింది అదే, నేనూ అదే చేశాను.

ఆదివారం సాయంత్రం తెచ్చి చూపించాడు. పైన "అమ్మమ్మకి" అని నేను రాసిచ్చిన మాట కింద నాలుగే నాలుగు వాక్యాలు. "ఊరికి పోయాము. ఊరు బాగుంది. గేదెని చూశాము. పాలు తాగాను." ఒక్క తప్పు లేదు! పొట్టిగా ఉందనిపించినా, గర్వంగా మావారికి చూపించి మరీ పోస్టు చేయించాను.

అయిదు రోజులకి అమ్మ ఫోను చేసింది. "ఉత్తరం ముత్యాల్లాగా ఉందే. కానీ గేదె ఈనిన సంగతి రాయలేదేం? జున్ను కోసం రెండ్రోజులు నా కొంగు పట్టుకుని తిరిగాడు, పాలు తాగానని రాశాడేం?"

పిలిచి అడిగాను. వాడు ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు. "జున్నుకి ఏ వత్తో నాకు తెలీదుగా. పాలుకి వత్తు ఉండదు."

అప్పుడు ఆ నాలుగు వాక్యాలు మళ్లీ చదివాను. వెతికితే ఒక్క వత్తక్షరం లేదు. "వెళ్లాము" అని రాయాల్సి వస్తుందని "పోయాము" అన్నాడు. డ్రాయరులో పడేసిన మొదటి కాగితం తీశాను. దాన్నిండా ఎర్ర సున్నాలే గానీ, గేదె అరవడం ఉంది, దూడ లేవబోయి మూడుసార్లు పడ్డం ఉంది, అమ్మమ్మ జున్ను గిన్నె మీద మూత తీస్తే వచ్చిన ఆవిరి ఉంది. ఆ సంగతులన్నీ తీసేసింది వాడు కాదు, నా పెన్ను.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. నేను హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే రోజుల్లో అమ్మ ఆవకాయ జాడీతో పాటు ఓ చీటీ పెట్టి పంపేది. అమ్మ చదివింది అయిదో తరగతి. ఒకసారి ఇంటికెళ్లినప్పుడు, ఆ చీటీలో తప్పులన్నీ చదివి వినిపించి నవ్వాను. తనూ నవ్వింది. ఆ తర్వాత జాడీలు వచ్చాయి, చీటీలు రాలేదు. చీటీలు ఎందుకు ఆగిపోయాయో ఇన్నేళ్లూ నాకు తట్టలేదంటే నమ్ముతారా?

సరే, జరిగిందేదో జరిగింది. మొదటి కాగితం ముందు పెట్టుకుని తప్పుల్ని పప్పులో రాళ్లు ఏరినట్టు ఏరాను. చూడబోతే అన్నీ ఒక జాతివి కావు.

కొన్ని చేతికి రాని తప్పులు. జున్ను అలాంటిదే. మనకి అలవాటైపోయి గమనించం గానీ, చాలా అక్షరాలకి తలకట్టు తీసి కింద పెడితే అదే వత్తు. అక్క, పచ్చ, గుడ్డు, పువ్వు చూడండి. కానీ త, న, మ, య, ర, ల ఉన్నాయే, ఈ ఆరింటి వత్తులు అసలక్షరం పోలికలోనే ఉండవు. పిల్లలు తికమకపడేది ఇక్కడే. పదిసార్లు రాయిస్తే ఏమొస్తుంది, ఏది ఎందుకు వేరుగా ఉందో చెప్పకపోతే? అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్ల... తమాషా ఏమిటంటే ఈ వేరు వత్తులన్నీ మన ఇంట్లో వాళ్లవే! వాటికి "చుట్టాల వత్తులు" అని పేరు పెట్టాం. ర మిగిలిపోతే దానికి గొర్రెని తెచ్చి కట్టేశాం. "జున్నులో ఎవరున్నారు?" అంటే "అన్న!" అంటాడిప్పుడు.

కొన్ని చెవి చేసే తప్పులు. ఇంట్లో మనమే శ, ష, స మూడింటినీ ఒక్కలాగే పలుకుతుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు? ఇక్కడ నాకు అక్కరకొచ్చింది వ్యాకరణమే, అదీ నోట్లో ఉన్న వ్యాకరణం. ట అనేటప్పుడు నాలుక కొస పైకి మడత పడుతుంది, ష కీ అంతే. అందుకని ఇష్టం, కష్టం, నష్టం. చ అంగిలి దగ్గర పలుకుతుంది, శ కూడా అక్కడిదే. అందుకని ఆశ్చర్యం, నిశ్చయం, పశ్చిమం. త పళ్ల దగ్గరిది, స కూడా. పుస్తకం, నమస్తే. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ఈ జోడీలు తప్పవు. వాడు అద్దం ముందు నిలబడి నోరు తెరిచి అరగంట పరీక్ష చేసుకున్నాడు. మర్నాడు "బష్టాండు" అని రాసుకొచ్చాడు! అది ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటరా, దానికి ఈ మర్యాదలు తెలియవని సర్దిచెప్పాను.

ఇక "ఎల్లాం" ఉంది. అది తప్పే కాదు, మా అమ్మ మాట. సెలవుల్లో చెవిన పడింది, కాగితం మీదకొచ్చింది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజుని, ఆగస్టు 29ని, తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. అదే మనం ఇంట్లో పిల్లాడు అమ్మమ్మ మాట రాస్తే సున్నా చుడతాం. "అమ్మమ్మ ఎల్లాం అంటుంది, పుస్తకంలో వెళ్లాం అని ఉంటుంది, పరీక్షలో పుస్తకం మాట రాయి" అని చెబితే వాడికి ఇట్టే అర్థమైంది. ఉత్తరంలో ఏది రాస్తావో నీ ఇష్టం అన్నాను.

మాటలు నేర్పడానికి మాత్రం నేను పెద్దగా కష్టపడలేదు. పలుపు, కుడితి, జున్ను - ఇవన్నీ అమ్మమ్మగారి దొడ్లో చేత్తో ముట్టుకుని తెచ్చుకున్నవి. ముట్టుకున్న మాట మర్చిపోడు.

వ్యాకరణం అంటారా, వాడే నన్ను ఇరుకున పెట్టాడు. "నాన్న వచ్చాడు అంటాం. అమ్మ వచ్చింది, గేదె వచ్చింది, బస్సు వచ్చింది అంటాం. అమ్మా గేదే ఒకటేనా?" అని. మావారు పేపరు చాటున నవ్వుకున్నారు. నిజమే మరి! తెలుగులో ఆడదాన్ని ఏకవచనంలో పశువులతో, వస్తువులతో కలిపి "వచ్చింది" అనే అంటాం. అదే నలుగురం కలిస్తే? "ఆడవాళ్లు వచ్చారు." గేదెలు ఎన్ని కలిసినా "వచ్చాయి" అనే. నలుగురు చేరితేనే మనకి మర్యాదన్నమాట! ఆ రోజు ఏకవచనం, బహువచనం ఎప్పటికీ మర్చిపోనంతగా వచ్చేశాయి వాడికి.

ఇప్పుడు ఎర్ర పెన్ను లేదు. వాడు ఉత్తరం రాస్తే నేను జవాబు రాస్తాను. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరాలేమిటని మావారు మళ్లీ నవ్వారు. వాడు తప్పు రాసిన మాటని నా జవాబులో సరిగ్గా, రెండు మూడుసార్లు వచ్చేలా రాస్తాను. ఒక వారం ఒక రకం తప్పులే చూస్తాను, మిగతావి కనబడ్డా కళ్లు మూసుకుంటాను. ఈ కళ్లు మూసుకోవడమే నాకు కష్టం! వాళ్ల టీచరు నోటుబుక్కులో ఇప్పటికీ సున్నాలు చుడతారు, నలభై మంది పిల్లలతో ఆవిడ మాత్రం ఏం చేస్తారు? మార్కులు ఆకాశానికేం ఎక్కలేదు. ఉత్తరాలు మాత్రం మళ్లీ పేజీన్నరకి వచ్చాయి.

పోయినవారం ఊరి నుంచి వచ్చిన నేతిడబ్బాలో, చాలా ఏళ్ల తర్వాత, ఒక చీటీ కనబడింది. నాకు కాదు, మనవడికి. "బాబూ, దూడ గెంతుతోంది. నీకు జున్ను దాసలేకపోయా. చలికి జాగర్త."

వాడు రెండుసార్లు చదివి నా దగ్గరికొచ్చాడు. "అమ్మా, జాగ్రత్త అని కదా రాయాలి?"

"అవును. చెబుతావా అమ్మమ్మకి?"

కాసేపు పెన్సిలు కొరికాడు. "వద్దులే. నా ఉత్తరంలో ఆ మాట రాస్తా. చూసుకుంటుంది."