పంట అనుకరణ నమూనాలలో ఫంక్షన్ పాయింటర్ల వినియోగం: పైథాన్ నుండి సి లైబ్రరీ వరకు

పంటల పెరుగుదలను అనుకరించే కంప్యూటర్ నమూనాలలో గణన భారం చాలాకాలంగా ఫోర్ట్రాన్, సి వంటి భాషలలో సాగుచున్నది. డీఎస్ఎస్ఏటీ నమూనాలలో అధిక భాగం ఫోర్ట్రాన్‌లో వ్రాయబడినదే. అయితే వాతావరణ దత్తాంశాన్ని సరిచేయుట, పటాలు గీయుట, ఫలితాలను విశ్లేషించుట వంటి పనులకు నేటి విద్యార్థులు పైథాన్‌ను గాని, ఆర్ భాషను గాని ఆశ్రయించుచున్నారు. కనుక ఒకే పరిశోధనలో రెండు భాషలు కలిసి పనిచేయవలసి వచ్చుచున్నది.

వాటి మధ్య అంకెలు మాత్రమే మారినంతవరకు పెద్ద చిక్కు లేదు. ఒక సూత్రాన్నే అందించవలసి వచ్చినపుడు సమస్య మొదలగును. అవకలన సమీకరణాలను సాధించే లైబ్రరీకి సాధన విధానం తెలియును గాని, ఫలానా రోజున ఫలానా బరువున్న పైరు ఎంత వేగంతో పెరుగునో తెలియదు. అది తెలిసినది పరిశోధకునికి. అందుచేత లైబ్రరీ తన గణన మధ్యలో పదేపదే వెనుకకు తిరిగి పరిశోధకుడు వ్రాసిన ప్రమేయాన్ని అడుగవలెను. ఇట్లు పిలువబడే ప్రమేయమే కాల్‌బ్యాక్. దానిని ఎక్కడ పిలువవలెనో తెలుపునది ఫంక్షన్ పాయింటర్.

సి భాషలో ఫంక్షన్ పాయింటర్ అనగా యంత్ర ఆదేశాలు మొదలయ్యే మెమరీ చిరునామా. 64 బిట్ల కంప్యూటర్‌లో దాని పరిమాణం 8 బైట్లు. పైథాన్ ప్రమేయం అట్టిది కాదు. అది ఇంటర్‌ప్రెటర్ చదివి అమలు చేసే ఒక వస్తువు. నేరుగా పిలువదగిన యంత్ర ఆదేశాలు దానికి లేవు. కనుక దాని చిరునామాను సి లైబ్రరీకి ఇచ్చినా ప్రయోజనం లేదు. 2006లో వెలువడిన పైథాన్ 2.5 నుండి ప్రామాణిక భాగంగా ఉన్న సిటైప్స్ ఈ లోటును తీర్చుచున్నది. అందులోని సిఫంక్‌టైప్ ద్వారా పైథాన్ ప్రమేయాన్ని చుట్టినపుడు, మెమరీలో ఒక చిన్న యంత్ర ఆదేశాల తునక సిద్ధమగును. లైబ్రరీకి చేరునది ఆ తునక చిరునామా. పిలుపు రాగానే అది సి విలువలను పైథాన్ విలువలుగా మార్చి, ప్రమేయాన్ని నడిపి, ఫలితాన్ని తిరిగి సి రూపంలోకి మార్చి అందించును.

రకాల ఒప్పందం

సిఫంక్‌టైప్‌కు మొదట తిరిగి వచ్చే విలువ రకాన్ని, తరువాత వరుసగా ఆర్గ్యుమెంట్ల రకాలను తెలుపవలెను. చిరునామాలో రకాల సమాచారం ఏదీ ఉండదు గనుక ఈ ప్రకటన సరియైనదో కాదో పరీక్షించేవారు లేరు. లైబ్రరీ 8 బైట్ల డబుల్ పంపుచుండగా 4 బైట్ల ఫ్లోట్ అని ప్రకటించినచో, నేటి సాధారణ వ్యక్తిగత కంప్యూటర్లలో 1.0 అనే విలువ కాల్‌బ్యాక్‌కు 0గా చేరును. దోష సందేశం రాదు. ఇదే జాగ్రత్త లైబ్రరీలోని మామూలు ప్రమేయాలకూ అవసరం. రకం తెలుపనిచో ప్రతి ప్రమేయం పూర్ణాంకాన్నే తిరిగి ఇచ్చునని సిటైప్స్ భావించును. డబుల్ ఇచ్చే ప్రమేయం విషయంలో ఇది శుద్ధ తప్పు.

ఫోర్ట్రాన్ సాధారణంగా విలువను కాక, విలువ ఉన్న చిరునామాను పంపును. అందువలన ఫోర్ట్రాన్ నుండి పిలువబడే కాల్‌బ్యాక్‌లో డబుల్‌కు బదులు డబుల్‌కు పాయింటర్ అని ప్రకటించవలెను.

చిరునామా ఎంతకాలం చెల్లును?

ఏ సూచనా మిగలని వస్తువును పైథాన్ తొలగించును. సి లైబ్రరీ తన వద్ద దాచుకొన్న చిరునామా ఈ లెక్కలోకి రాదు. ఇల్లు కూల్చిన తరువాత పాత చిరునామాకు ఉత్తరం వేసినట్లు, లైబ్రరీ అక్కడికే పిలుపు పంపును, ప్రోగ్రాం కుప్పకూలును. ఈ లోపం వెంటనే బయటపడకపోవుటయే చిక్కు. సి ప్రామాణిక లైబ్రరీలోని క్యూసార్ట్ వంటి ప్రమేయం తన పని ముగిసేలోగానే కాల్‌బ్యాక్‌ను వాడుకొనును గనుక, పిలుపులోనే చుట్టి పంపినా ఇబ్బంది లేదు. ఆ అలవాటుతోనే, కాల్‌బ్యాక్‌ను నమోదు చేసుకొని తరువాత పిలిచే లైబ్రరీకి కూడా పంపినవారు చిక్కులో పడుదురు. చుట్టిన వస్తువును ఒక చరరాశిలో ఉంచి, లైబ్రరీతో పని పూర్తియగు వరకు నిలుపుటయే దీనికి ఉపాయం.

కుప్పకూలిన ప్రోగ్రాం కంటె ప్రమాదకరమైనది నిశ్శబ్దంగా తప్పు ఫలితం ఇచ్చే ప్రోగ్రాం. కాల్‌బ్యాక్‌లో తలెత్తిన పైథాన్ దోషం సి వైపునకు దాటదు. సిటైప్స్ ఒక సందేశాన్ని ముద్రించి దానిని విస్మరించును, గణన కొనసాగును. అపుడు లైబ్రరీకి చేరే విలువ నమ్మదగినది కాదు. అది సున్నా కావచ్చును. వాతావరణ పట్టికలో ఒక రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత గడి ఖాళీగా ఉన్నదనుకొందము. ఆ రోజున పెరుగుదల రేటు సున్నాగా నమోదైనచో, చివరి పొడి బరువు కొంత తగ్గును గాని నమ్మశక్యంగానే ఉండును. పటమూ నునుపుగానే కనిపించును. అట్టి అంకె ఆధారంగా విత్తే తేదీని సిఫారసు చేసినచో నష్టపోవునది రైతు. కనుక కాల్‌బ్యాక్ లోపలనే దోషాన్ని పట్టి, దానిని ఒక జాబితాలో భద్రపరచి, లైబ్రరీ నిర్దేశించిన దోష సంకేతాన్ని పంపవలెను. స్థిరమైన కాలపు అంగలతో సాగే సరళ సాధనాలలో ‘సంఖ్య కానిది’ అనే ప్రత్యేక విలువను పంపినా చాలును. అది చివరి ఫలితం వరకు పాకి లోపాన్ని చాటును.

వేగం విషయం కొంత అతిగా చర్చించబడుచున్నది. 120 రోజుల పంటకు రోజుకొక అంగ, అంగకు నాలుగు పిలుపులు చొప్పున రుంగె-కుట్టా పద్ధతిలో 480 పిలుపులు మాత్రమే పట్టును. అయితే గుణకాల సవరణకు 10,000 మార్లు నడిపినచో పిలుపులు 48 లక్షలగును. ప్రతిసారీ జరిగే మార్పిడి అపుడు భారమగును. అట్టి సందర్భంలో నంబా ద్వారా ప్రమేయాన్ని యంత్ర ఆదేశాలుగా మార్చి దాని చిరునామాను ఇయ్యవచ్చును. ఆర్ భాషలోని డీసాల్వ్ ప్యాకేజీలోనైతే, సి లేక ఫోర్ట్రాన్‌లో వ్రాసి కంపైల్ చేసిన నమూనా పేరును తెలిపిన చాలును.

నిజమైన దత్తాంశానికి ముందు, ఖచ్చితమైన సాధన తెలిసిన సమీకరణంతో కాల్‌బ్యాక్‌ను పరీక్షించవలెను. లాజిస్టిక్ పెరుగుదల ఇందుకు అనువైనది. గరిష్ఠ పొడి బరువు హెక్టారుకు 12 టన్నులు, ఆరంభ బరువు 0.12 టన్నులు, పెరుగుదల గుణకం రోజుకు 0.08గా ఉదాహరణకు తీసుకొన్నచో, 50వ రోజున సుమారు 4.27 టన్నులు, 100వ రోజున సుమారు 11.61 టన్నులు రావలెను. ఈ అంకెలు సరిపోయిన తరువాత, 45వ రోజున కాల్‌బ్యాక్‌లో కావాలనే ఒక దోషాన్ని కల్పించి మరల నడిపి, ప్రోగ్రాం దానిని తెలుపుచున్నదో, లేక మరొక అంకెను చూపి ఊరకున్నదో గమనించవలెను.