చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం

నీళ్లలో ఇంత ఉప్పు, కొంత బెల్లం కలిపి త్రాగించడం కూడ ఒక వైద్యమేనా అని సందేహం కలుగవచ్చును. చూడబోతే అది వంటయింటి పని. అయినా 1978లో లండను నుండి వెలువడే ‘లాన్సెట్’ వైద్యపత్రిక, ఆ నీటి వెనుకనున్న సూత్రాన్ని గురించి వ్రాస్తూ, ఇరువదవ శతాబ్దపు వైద్యంలో అన్నిటికంటె ముఖ్యమైన ముందడుగు బహుశా ఇదే కావచ్చునని అభిప్రాయపడినది. ఆ సూత్రం శాస్త్రజ్ఞుల సభలో వెల్లడియైనది 1960లో. బంగ్లాదేశ్ పల్లెలలో ఇంటింటికీ వెళ్లి తల్లులకు దానిని నేర్పే పని ముగిసేసరికి 1990 వచ్చినది. మధ్య ముప్పది ఏళ్లు గడిచినవి. శాస్త్రజ్ఞుడు ఒక సంగతి కనుగొనడం ఒక ఎత్తు, అది ఎవరికి కావలెనో వారి చేతికి చేరడం మరొక ఎత్తు.

మొదట సూత్రం సంగతి. కలరా రోగిని చంపేది ఒంటిలోని నీరు పోవడమే. కలరా క్రిములు చిన్నప్రేవులో చేరి ఒక విషాన్ని విడుస్తవి. ఈ విషం ఉన్నదని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేళ్ల మీద ప్రయోగాలు చేసి నిరూపించారు. విషం తగిలిన ప్రేవుగోడ, ఒంటిలోని ఉప్పునీటిని ఆగకుండ ప్రేవులోనికి వదలుతుంది. జబ్బు తీవ్రమైతే గంటకు ఒక లీటరు దాకా పోతుంది. కన్నులు గుంటలు పడి, నాడి అందక, మనిషి కొద్ది గంటలలోనే ప్రాణం విడుస్తాడు. పోయిన నీటిని తిరిగి పోస్తే బ్రతికించవచ్చునని 1832లోనే స్కాట్లండు వైద్యుడు తామస్ లాటా నరంలోనికి ఉప్పునీరు ఎక్కించి చూపినాడు. కాని దానికి శుద్ధమైన ద్రావణం, సూది, దానిని గుచ్చగల మనిషి కావలెను. అవన్నీ ఉండేది పట్టణాలలో. కలరా విజృంభించేది పల్లెలలో.

మరి నోటితో త్రాగిస్తే? వట్టి నీరు గాని, ఉప్పునీరు గాని త్రాగించితే చాలవరకు ఒంటికి పట్టక బయటికే పోతుంది. 1960లో ప్రేగ్ నగరంలో జరిగిన సభలో రాబర్ట్ క్రేన్ అనే అమెరికను జీవరసాయన శాస్త్రజ్ఞుడు ఒక సంగతి చెప్పినాడు. ప్రేవుగోడ కణాలలో ఒక విధమైన ద్వారం ఉన్నది. ఉప్పులోని సోడియం, చక్కెరలోని గ్లూకోజు రెండూ జతగా వస్తేనే అది లోనికి తీసుకొంటుంది. రెండు తాళపుచెవులు ఒక్కమారు త్రిప్పితే గాని తెరచుకోని భోషాణం వంటిదన్నమాట. ఆ జంట లోనికి పోతే దాని వెంట నీరూ పోతుంది. కలరా విషం తక్కిన ఏర్పాట్లను తారుమారు చేసినా, ఈ ద్వారాన్ని మాత్రం చెరుపలేదు. క్రేన్ వెదకినది చక్కెర ఒంటికి పట్టే తీరునే గాని కలరా మందును కాదు. 1968లో ఢాకాలోని కలరా పరిశోధనాలయంలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే యువవైద్యులు రోగులకు ఇట్టి ద్రావణాన్ని త్రాగించి, నరంలోనికి ఎక్కించవలసిన నీటిలో ఐదింట నాలుగు పాళ్లు తగ్గించవచ్చునని తేల్చారు.

అయితే పరిశోధనాలయంలో నర్సులుంటారు, కొలపాత్రలుంటవి. అవి లేనిచోట ఏమగును? 1971లో తూర్పు బెంగాలు నుండి లక్షలాది కాందిశీకులు సరిహద్దు దాటి వచ్చినప్పుడు ఈ ప్రశ్నకు జవాబు వెదకక తప్పలేదు. బంగావ్ ఆస్పత్రిలో కలరా రోగులు నేలంతా నిండి ఉన్నారు. సెలైను సీసాలు అయిపోవచ్చినవి. వైద్యుడు దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా లెక్కప్రకారం పొట్లాలు కట్టించి, నీటిలో కలిపి, పీపాలలో పోయించారు. రోగి ప్రక్కన కూర్చున్న అక్కో తల్లో తండ్రో గ్లాసుతో పట్టి త్రాగించేవారు. మరణాలు నూటికి ముప్పది దాకా ఉన్నచోట, ఆయన పర్యవేక్షణలో నాలుగుకు లోపే నిలిచినవి. మిశ్రమం తయారుచేసే విధానాన్ని కరపత్రాలలో వ్రాసి సరిహద్దు పొడవునా పంచారు. బంగ్లాదేశ్ రహస్య రేడియో కేంద్రం కూడ దానిని ప్రసారం చేసినది.

శాంతి నెలకొన్న తరువాత అసలు చిక్కు వచ్చినది. పొట్లాలు తయారుచేయడానికి ఖర్చు, చేరవేయడానికి వర్షాకాలంలో త్రోవ లేదు. ఫజ్లే హసన్ ఆబేద్ 1972లో స్థాపించిన బ్రాక్ అనే సంస్థ, ఇంటిలో ఉన్నదానితోనే తల్లి స్వయంగా తయారుచేసుకొనే పద్ధతిని నేర్పవలెనని తలపెట్టి, 1979లో ఈశాన్యాన సుల్లా ప్రాంతంలో పరీక్షించి చూచినది. ఇక్కడ భయం లేకపోలేదు. ఉప్పు మించితే బిడ్డ రక్తంలో సోడియం పెరిగి ప్రాణానికే ముప్పు. తగ్గితే ఫలం లేదు. త్రాసు లేని ఇంటిలో గ్రాములు తూచేదెట్లు?

తల్లి చేతినే కొలతగా చేశారు. మూడు వేళ్లతో పట్టిన చిటికెడు ఉప్పు, నాలుగు వేళ్లతో తీసిన గుప్పెడు బెల్లం, అరసేరు నీరు. ఆ ఇంటి పాత్రలోనే అరసేరు నీరు ఎంతవరకు వచ్చునో చూపి గుర్తు పెట్టేవారు. నేర్పడానికి వెళ్లిన యువతులు తాము కలిపి చూపడమే గాక, తల్లి చేత కలిపించేవారు. ఇట్లు కలిపిన నీటిని ప్రయోగశాలకు పంపి సోడియం పాలు పరీక్షింపజేశారు. బొమ్మల పటాలు వేసిపెట్టి ఊరుకొని ఉంటే ఇంత శ్రమ ఉండేది కాదు గాని, ఆ బొమ్మలను చూచినవారు ఏమి గ్రహించారో ఎవరికి తెలిసేది?

జీతం సంగతి మరీ చిత్రమైనది. నెల తరువాత వేరొకరు కొన్ని ఇళ్లకు వెళ్లి, ముఖ్యమైన అంశాలు తల్లికి గుర్తున్నవో లేవో అడిగి, నీరు కలుపుమని చూచేవారు. తల్లి సమాధానాన్ని బట్టి నేర్పిన యువతికి జీతం. ఎన్ని ఇళ్లు తిరిగినదన్నది ప్రధానం కాదు. విద్యార్థికి వచ్చిన మార్కులను బట్టి ఉపాధ్యాయునికి జీతమిచ్చిన ఏర్పాటు లోకంలో అరుదు!

ఇంత చేసినా తొలిదశలో లెక్కలు తీయగా, తల్లులకు పాఠం చక్కగా గుర్తున్నది గాని, విరేచనాలు పట్టినప్పుడు ఆ నీరు వాడినవారు నూటికి పదిమంది కూడ లేరు. ఎందుకు? విచారించగా కారణాలు ఒక్కటొక్కటే బయటపడినవి. పల్లెవారు విరేచనాలను నాలుగు రకాలుగా వేరుచేసి నాలుగు పేర్లతో పిలుస్తారు. పాలు త్రాగే బిడ్డకు వచ్చేది వేరు, అజీర్తి వేరు, జిగట వేరు. ‘డయేరియా’ అని నేర్పినవారు అన్నిటినీ కలిపి అన్నారు. విన్నవారు ప్రాణాంతకమైన నీళ్ల విరేచనాలు మాత్రమేనని తలచారు. అదీగాక ఇంటి మగవారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. వారికి తెలియని మందును బిడ్డకు పోయడానికి తల్లి జంకినది. అన్నిటికంటె ఆలోచింపదగినది మరొకటి: నేర్పే యువతులలోనే చాలమంది తమకు జబ్బు చేసినప్పుడు ఈ నీరు త్రాగక మాత్రల కోసం వెళ్లేవారు.

అప్పుడు పాఠం మార్చినారు. పనివారిని ఢాకా ప్రయోగశాలకు తీసుకొనిపోయి ఉప్పూ చక్కెరా ప్రేవులో ఎట్లు పనిచేస్తవో విడమరచి చెప్పినారు. తల్లి ఎదుట తాము కొంత త్రాగి చూపవలెనని నియమం పెట్టినారు. మసీదులలో, సంతలలో, టీకొట్ల వద్ద మగవారితో మాట్లాడినారు. నాలుగు రకాల పేర్లనూ పాఠంలో చేర్చినారు. 1990 నాటికి ఒక కోటి ఇరువది లక్షల ఇళ్లకు ఈ విద్య అందినది. ఈ ద్రావణం వాడకంలో నేడు బంగ్లాదేశ్ ప్రపంచంలో ముందువరుసలో ఉన్నది.

శాస్త్రం మాత్రం అక్కడే ఆగలేదు. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్రావణంలో సోడియం, గ్లూకోజు పాళ్లను తగ్గించినది. 2004లో పిల్లలకు జింకు కూడ ఇవ్వవలెనని సూచించినది. ఇప్పుడు పొట్లాలు మందుల అంగళ్లలో దొరుకుతున్నవి గనుక వాటినే మొదట వాడుమంటున్నారు. ఒకసారి కష్టపడి నేర్పినదాన్నే సవరించి మళ్లీ నేర్పవలసి వస్తున్నదన్నమాట.

అంగళ్లలో ఇంకొక తంటా కూడ వచ్చినది. ‘ఓఆర్ఎస్’ అనే మూడక్షరాలు జనం నమ్మిన పేరు కావడంతో, పండ్లరసం వంటి తీపి పానీయాలు కూడ ఆ పేరుతో అమ్ముడుపోజొచ్చినవి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు ఒకరు ఏళ్ల తరబడి దీని మీద ఫిర్యాదులు చేస్తూ వచ్చారు. తుదకు 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, పానీయాల పేర్లలో ఆ అక్షరాలను వాడరాదని ఉత్తరువు చేసినది. కారణం ప్రేవులోనే ఉన్నది. చక్కెర మించితే రెండవ తాళపుచెవి అయిన ఉప్పు చాలక ద్వారం సరిగా తెరచుకోదు; ప్రేవులో మిగిలిపోయిన చక్కెర ఒంటిలోని నీటిని తనవైపు లాగుకొని విరేచనాలను ఇంకా హెచ్చిస్తుంది.