వంటయింటినుండి నవల వఱకు

కథ యెచ్చటనుండి పుట్టును? పుస్తకములు చదువుటవలన పుట్టునా, లోకమును చూచుటవలన పుట్టునా? కథలయం దభిరుచిగల స్త్రీలు నలుగురు కూడినచోట నీ ప్రశ్న వచ్చుచునే యుండును. దీనికి సమాధానము రామాయణ బాలకాండమునందే కలదు. వాల్మీకి మహర్షికి నారదుడు రామకథను సంగ్రహముగా వినిపించెను. కథ యంతయు మునికి తెలిసెను. కాని కావ్యము పుట్టలేదు. పిమ్మట తమసాతీరమున బోయవాని బాణమునకు క్రౌంచపక్షి కూలుటయు, దాని జోడు విలపించుటయు చూచినతోడనే యాయన నోట శ్లోకము వెడలెను. వినిన కథకు కన్న దుఃఖము తోడైన పిదపనే కావ్యమునకు దారి యేర్పడెను.

వినికిడియు, చూపును నిట్లు కలిసి రచనగా మాఱుట మన తెలంగాణమున నొక నవలాకారుని జీవితమున స్పష్టముగా కానవచ్చును. ఆయన వట్టికోట ఆళ్వారుస్వామి. కళాశాల మెట్లెక్కిన వాడు కాడు. సిరిసంపదలలో పెరిగిన వాడును కాడు. ఆయన చదువు వంటయింటిలో మొదలైనది. అందుచేతనే యీ చరిత్రము మన సోదరీమణులు తప్పక తెలిసికొనదగినదని నా తలంపు.

ఆళ్వారుస్వామి 1915వ సంవత్సరమున నల్లగొండ ప్రాంతమున నకిరేకల్లు చేరువ నొక పల్లెలో పేదకుటుంబమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. పొట్ట గడచుటయే కష్టమైన యా దినములలో కంచనపల్లి సీతారామారావను నుపాధ్యాయుని యింట వంటపని చేయుచు, ఆయనయొద్దనే చదువు నేర్చెను. కొంతకాలము విజయవాడలో నొక హోటలున పనిచేసెను. తుదకు హైదరాబాదు చేరి సురవరము ప్రతాపరెడ్డిగారి ‘గోలకొండ పత్రిక’లో అచ్చుతప్పులు దిద్దు పనిలో కుదిరెను. ఇతరుల వాక్యములను దిద్దుచు దిద్దుచు వాక్యమనగానేమో తెలిసికొనెననుటలో నతిశయోక్తి లేదు.

ఆ కాలమున నైజాము రాజ్యమున తెలుగుపుస్తకము చేత పట్టుట యెంత యరుదో నేటివారికి తెలియదు. బడిలో చదువు ఉర్దూలో. కచ్చేరీలో వ్రాత ఉర్దూలో. తెలుగు ఇంటిలో మాటాడు భాషగానే మిగిలెను. అట్టి స్థితిలో 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. ‘గోలకొండ పత్రిక’ 1926లో వెలువడెను. తెలంగాణమున కవులే లేరన్న యాక్షేపణకు బదులుగా 1934లో మూడువందల యేబదినాలుగురు కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రకటింపబడెను. ఈ గ్రంథాలయోద్యమపు గాలిలోనే ఆళ్వారుస్వామి మనసు వికసించినది.

పుస్తకమును ప్రేమించువారు పెక్కుమంది దానిని తమ బీరువాలో భద్రపఱచుకొందురు. ఆయన ప్రేమ మఱియొక విధమైనది. తనకు దొరికిన యన్నము పదిమందికి పెట్టవలెనను తల్లి ప్రేమ వంటిది. 1938లో ‘దేశోద్ధారక గ్రంథమాల’ను నెలకొల్పి, ఇంచుమించు ముప్పదికి పైగా పుస్తకములు ప్రకటించెను. ప్రకటించి యూరకుండలేదు. ఆ పుస్తకములను తానే మోసికొని యూరూర తిరిగి, ఇంటింటికి చేర్చెను. మన వాకిట గాజులవాడును, కూరలమ్మియు వచ్చినట్లు పుస్తకములవాడు వచ్చుట యెట్టి భాగ్యమో యోచింపుడు! బడికి పోలేని యాడువారికి, అంగడికి వెళ్ళలేని కోడండ్రకు, అక్షరము గడప దాటి లోనికి వచ్చుటకు వేఱొక మార్గ మేది యుండెను?

ఈ తిరుగుటవలన నాయనకు ద్రవ్యలాభము కలుగలేదు గాని, దానిని మించిన లాభమొకటి కలిగెను. పుస్తకములమ్ము నెపమున నాయన వేలకొలది మనుజులను చూచెను. దొర గడీ యెదుట చేతులు కట్టుకొని నిలిచిన రైతును చూచెను. కూలి లేక వెట్టిచాకిరి చేయువారిని చూచెను. భూమి పోగొట్టుకొన్న కుటుంబములను చూచెను. చదివిన చదువు లేకున్న నవి యన్నియు ‘లోకసహజము’ లని తోచి యుండెడివి. చదువు కన్నులకు కాటుక వంటిది. కాటుక క్రొత్తకన్నునియ్యదు, ఉన్న కన్నునకే చలువనిచ్చి తేటపఱచును.

ఆంధ్రమహాసభలోను, పిదప కమ్యూనిస్టుపార్టీలోను పనిచేసిన కారణమున నాయన 1940వ దశకమున యేండ్ల తరబడి చెఱసాలలో గడపెను. అచ్చటను కథలకు లోటు లేదు. దొంగ యని, హంతకుడని లోకము తలుపు మూసిన వారి చెంత గూర్చుండి వారి మాటలు వినెను. వారినట్లు చేసిన పరిస్థితులేమో యారసెను. అందుండి పుట్టినవే ‘జైలు లోపల’ యను కథలు. నిజామాబాదు జైలున నాయనతో కూడ మహాకవి దాశరథి బంధింపబడియుండెను. కాగితము లేనిచోట గోడయే కాగితముగా, బొగ్గే కలముగా దాశరథి పద్యములు వ్రాసెను. ఆ చెలిమికి గుర్తుగా తన ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామికే యంకిత మొసగెను.

ఇన్ని చదివి, యిన్ని చూచిన పిదపనే నవల వచ్చినది. 1955లో ‘ప్రజల మనిషి’ వెలువడెను. దిమ్మెగూడెమను పల్లె, రామభూపాలరావను దొర, అన్యాయమునకు తలయొగ్గని కంఠీరవమను యువకుడు – ఈ కథలో నాడు తెలంగాణపు పల్లె తన ముఖమును తాను తొలిసారి యద్దమున చూచుకొన్నట్లయ్యెను. రాజుల కథలు, జమీందారుల యింటి ప్రణయములు చదువుటకలవాటుపడిన పాఠకులకు తమ పొరుగింటి మనుజుడే నవలలో నెదురుపడెను. దీనికి తరువాయిగా ‘గంగు’ను వ్రాయుచు, అది ముగియకమునుపే 1961 ఫిబ్రవరిలో నాయన పరమపదించెను. ఆ యసంపూర్ణ నవల 1965లో ప్రకటింపబడినది.

సోదరీమణులారా! ఈ చరిత్రమునుండి మనము గ్రహింపదగిన విషయములు కొన్ని కలవు.

మొదటిది – ‘ఇంటిపనితో చదువుటకు తీరికయెక్కడిది?’ యను మాట. పొయ్యిముందు కూర్చుండియే యొకడు చదువు నేర్చి నవలాకారుడయ్యెను. పప్పుడుకు లోపల రెండు పుటలు తిరుగును. దినమునకు రెండేసి పుటలైనను యేడాదికి ఏడువందలకు పైబడును. అది మూడు నాలుగు గ్రంథములు!

రెండవది – కథలకు దూరదేశము పోనక్కఱలేదు. మా పరిగి చుట్టుప్రక్కలనే చూడుడు. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ సన్నని పాయగా బయలుదేఱి మహానగరమునకు నడచును. తాండూరు కందిపప్పు పేరు దేశమెల్ల వ్యాపించి 2022లో భౌగోళిక గుర్తింపు పొందినది. కాని యెండలో కంది కోసిన స్త్రీ పేరెవరికి తెలియును? ఇంటింట పఱచిన తాండూరు బండపై మనము నడచుచున్నాము. ఆ బండను గనినుండి తీసిన వాని చేతులను చూచితిమా? వీరిలో నొక్కొక్కరును వ్రాయబడని నవలయే. అత్తగారు చెప్పిన కఱవు ముచ్చటలు, ముసలమ్మ పాడు దంపుళ్ళపాట – వీనినొక చిన్న పుస్తకమున తేదీతో సహా వ్రాసియుంచుకొనుడు. మనము వ్రాయకున్నను మన మనుమరాలు వ్రాయవచ్చును.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. ఆనా డా యుపాధ్యాయుని యింట వంటచేయు బాలుని చేతిలో గరిటె మాత్రమే యుంచి, అక్షరము నుంచకయుండిన నేమగును? ‘ప్రజల మనిషి’ పుట్టదు. ఊరూర పుస్తకములు తిరుగవు. నేడు పదునాలుగేండ్లలోపు బిడ్డలను పనికి పెట్టుకొనుట చట్టవిరుద్ధము, వారుండవలసినచోటు బడి. కాని మన యింట గిన్నెలు తోము నామెకు నొక బిడ్డ యుండును. తల్లి పని ముగియువఱకు వాకిట గూర్చుండి మన పిల్లల పుస్తకములవైపు చూచుచుండును. ఆ చూపును మనము గమనింతుమా? మా యింట బడిపిల్లలు వచ్చిపోవుచుందురు గావున నట్టి చూపులు నాకు పరిచితములే. తినుబండారము పెట్టిన నాటికి తీరును. బొమ్మలకథల పుస్తకము చేతికిచ్చిన నాకలి పెరుగును. పెరుగవలసిన యాకలి యదియే.

పండుగకు పసుపుకుంకుమలతోబాటు ఒక పుస్తకమును వాయనముగా నిచ్చు నాచారమును మనలో మనమే యేర్పఱచుకొనరాదా? ఇంట చదివి ముగించిన పత్రికలను చిత్తుకాగితములవానికి తూచి యమ్ముటకు మునుపు, చదువగోరువా రెవరైన వీధిలో గలరేమో విచారింపరాదా? తల మీద పుస్తకముల మూట మోసికొని వచ్చుటకు ఆళ్వారుస్వామి నేడు లేడు. ఆ మూటలో నొక్క పుస్తకము బరువునైనను మన మందఱము పంచుకొనిన, ఏ పల్లెలో నే వాకిట గూర్చున్న బిడ్డయో రేపు మన కథను మనకే చదివి వినిపింపగలదు.