అట్టపెట్టెలతో ఫోల్డబుల్ షెల్టర్: హైదరాబాద్ ఎండకి, వానకి నిలబడుతుందా?

ఫోల్డబుల్ అనగానే మనకి ఫోన్లే గుర్తొస్తాయి. ఈసారి నేను టెస్ట్ చేసింది మాత్రం పాత ఫ్రిజ్ అట్టపెట్టెలతో చేసిన షెల్టర్. మాదాపూర్‌లో రెస్టారెంట్ల ముందు డెలివరీ బాయ్స్ ఆర్డర్ కోసం మండుటెండలో నిలబడటం రోజూ చూస్తుంటాను. వాళ్లకి పనికొచ్చేలా, పనయ్యాక మడిచి గోడకి ఆనించేసే నీడ అట్టతో సాధ్యమేనా?

బిల్డ్ క్వాలిటీ

అట్టని కోసి చూస్తే రెండు పేపర్ల మధ్య అలల్లా ఇంకో పేపర్ కనిపిస్తుంది. బలమంతా అందులోనే. ఆ అలల గొట్టాలు నిలువుగా ఉంటే అట్ట బరువు మోస్తుంది, అడ్డంగా ఉంటే వంగిపోతుంది. తిన్నగా ఉన్న షీట్ గాలికి ఊగుతుంది, జిగ్‌జాగ్‌గా మడిస్తే తనంతట తానే నిలబడుతుంది. ఒక ఏ4 పేపర్‌ని విసనకర్రలా మడిచి నిలబెట్టండి, మీకే తెలుస్తుంది.

అందుకే ఐదు పొరల అట్ట తీసుకున్నా. మడత గీతల్ని కత్తితో కోయకుండా చెంచా కాడతో నొక్కి, వెనక క్లాత్ టేప్ వేశా. హింజ్ అంతే! జిగ్‌జాగ్ గోడ మూడు వైపులా తిరుగుతుంది, పైన అలాగే మడిచిన కప్పు. కొంచెం తెరిస్తే ఒకరికి, పూర్తిగా తెరిస్తే ముగ్గురికి నీడ.

వాటర్ రెసిస్టెన్స్

ఇక్కడే దెబ్బతిన్నా. మొదటి మోడల్‌ని నేరుగా నేల మీద పెట్టా. సాయంత్రం వాన పడింది, తెల్లారేసరికి అడుగు నానిపోయి మొత్తం కూలబడింది. పైన కప్పిన ఫ్లెక్స్ బాగానే ఉంది, నీళ్లు ఎక్కింది కింద నుంచి. కోసిన అంచు తడి నేలకి తగిలితే అట్ట దీపం వత్తిలా పీల్చుకుంటుంది.

జపాన్ ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ 1995 కోబే భూకంపం తర్వాత పేపర్ ట్యూబులతో ఇళ్లు కట్టారు. వాటి పునాది, ఇసుక బస్తాలు నింపిన బీర్ క్రేట్లు. 2001లో మన గుజరాత్‌లోని భుజ్‌లో కూలిన ఇళ్ల రాళ్లురప్పల్నే పునాదిగా వాడారు. నాకర్థమైన పాయింట్ ఒకటే: పేపర్ నేలని తాకకూడదు.

రెండో మోడల్‌ని కూల్‌డ్రింక్ క్రేట్ల మీద ఎక్కించా, అంచులకి టేప్ చుట్టా, మూలల్లో నీళ్లు నింపిన 20 లీటర్ల క్యాన్లు కట్టా. ఈసారి వాన తర్వాత కూడా నిలబడింది.

ఫైనల్ వెర్డిక్ట్

ఎండకి ఓకే. చిరుజల్లుకి ఫ్లెక్స్ ఉంటే ఓకే. గాలివానకి మాత్రం వద్దు, మడిచి లోపల పెట్టేయండి. పొయ్యి, సిగరెట్ దగ్గరికి రానివ్వొద్దు.

సీరియస్‌గా చేయాలనుకునేవాళ్లకి, 2023 మార్చిలో మొదలైన ప్రోటోటైపింగ్ సెంటర్ టీ-వర్క్స్ ఉన్నది రాయదుర్గంలోనే. నా షెల్టర్‌లో కాసేపు కూర్చున్న ఒక డెలివరీ తమ్ముడు అడిగాడు: "అన్నా, ఎండకైతే మంచిగుంది. మరి వానాకాలం సంగతేంది?" మూడో మోడల్ ఆ ప్రశ్న కోసమే.