మిసిసిపీలో కాలిన దేవాలయం

విశ్వాసి సినిమాలు చూడవచ్చునా, చూడరాదా అనే వాదన మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. ఆ సంగతి అలా ఉంచి, 1988లో వచ్చిన ‘మిసిసిపీ బర్నింగ్’ అనే అమెరికా చిత్రం వెనుకనున్న నిజ చరిత్రను మాత్రం ప్రతి క్రైస్తవ కుటుంబమూ తెలిసికొనుట మంచిది. ఆ చరిత్ర ఒక చర్చి దగ్గర మొదలై, ఒక బోధకుని దగ్గర ముగిసింది.

ఆలన్ పార్కర్ తీసిన ఈ చిత్రం ఆరంభంలో రెండు మంచినీటి కుళాయిలు కనబడతాయి. ఒకటి తెల్లవారికి, రెండవది నల్లవారికి. టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన మన పల్లెలకు దాని అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. వెంటనే మంటల్లో ఒక చర్చి. తరువాత ముగ్గురు యువకులు మాయమవుతారు. వారిని వెదకుటకు ఇద్దరు ఎఫ్.బి.ఐ. అధికారులు వస్తారు. ఎఫ్.బి.ఐ. అంటే మన సి.బి.ఐ. వంటి కేంద్ర దర్యాప్తు సంస్థ.

అసలు జరిగినది

1964 వేసవిలో మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతివారిని ఓటర్లుగా చేర్పించే ఉద్యమం నడుస్తున్నది. నెషోబా కౌంటీలోని మౌంట్ జైయన్ మెథడిస్టు చర్చి అందుకు చోటిచ్చింది. జూన్ 16 రాత్రి కూక్లక్స్‌క్లాన్ అనే జాతిద్వేష ముఠా వచ్చి, సంఘస్థులను కొట్టి, ఆ దేవాలయమును తగులబెట్టింది.

జూన్ 21న ముగ్గురు యువకులు ఆ బూడిదను చూడ వెళ్లారు. జేమ్స్ చేనీ, 21 ఏండ్ల నల్లజాతి యువకుడు. ఆండ్రూ గుడ్‌మన్‌కు 20, మైకేల్ ష్వెర్నర్‌కు 24. వీరిద్దరూ న్యూయార్కు నుండి వచ్చిన యూదులు. తిరుగుదారిలో కారు వేగంగా నడిపారనే నెపంతో డిప్యూటీ షెరీఫ్ వారిని జైల్లో పెట్టాడు. రాత్రి విడిచిపెట్టి, మరల వెంబడించి పట్టుకొని ముఠాకు అప్పగించాడు. ముగ్గురినీ కాల్చి చంపి, ఒక మట్టికట్ట క్రింద పూడ్చివేశారు. 44 దినముల తరువాత, ఆగస్టు 4న, శవాలు దొరికాయి. వారికొరకు వెదకుచుండగా నల్లజాతి యువకుల ఇతర శవాలూ నదిలో బయటపడ్డాయి. వాటికొరకు అంతవరకు ఏ పెద్ద అధికారీ వెదకలేదు.

చిత్రంలో అధికారులు బెదిరించి నిజం రాబట్టుతారు. వాస్తవంగా దారి చూపినది రహస్యంగా సమాచారమిచ్చినవారు. అంతకన్న పెద్ద లోపం మరొకటి ఉన్నది. చిత్రంలో నల్లజాతివారు భయపడి మౌనంగా ఉండేవారే. నిజానికి ప్రాణములకు తెగించి చర్చి తలుపులు తెరచినది వారే. మార్టిన్ లూథర్ కింగ్ గారి సతీమణి కొరెట్టా కింగ్ వంటివారు ఈ చిత్రమును విమర్శించుటకు కారణమిదే.

బోధకుడు గదా!

రాష్ట్ర ప్రభుత్వం హత్యానేరం మోపలేదు. కనుక కేంద్ర ప్రభుత్వం పౌరహక్కుల భంగమునకు కుట్ర చేశారని 18 మందిపై కేసు నడిపింది. 1967లో ఏడుగురికి మాత్రమే శిక్షపడింది, అదీ 3 నుండి 10 ఏండ్లు. ముఠాను కూర్చిన ఎడ్గార్ రే కిల్లెన్ బాప్టిస్టు బోధకుడు. జ్యూరీలో 11 మంది అతడు దోషి అన్నారు. మిగిలిన ఒక్కరు బోధకునికి శిక్ష వేయుటకు మనసొప్పక నిరాకరించారు. అతడు ఇంటికి వెళ్లిపోయాడు.

38 ఏండ్లు గడిచాయి. చేనీ తల్లి వృద్ధాప్యంలో కోర్టు బోనెక్కి సాక్ష్యమిచ్చింది. 2005 జూన్ 21న, హత్యలు జరిగి సరిగా 41 ఏండ్లకు, కిల్లెన్ దోషి అని తీర్పు వచ్చింది. 60 ఏండ్ల శిక్ష పడింది. 2018లో జైల్లోనే చనిపోయాడు.

ప్రియ చదువరీ, ఆ ఒక్కరి మాటను తేలికగా దాటిపోకుము. దైవసేవకుని గౌరవించుట మంచిదే. అయితే బోధకుడనే పేరు హంతకునికి చాటైనప్పుడు, ఆ గౌరవం దేవునికి చెందినది కాదు. హేబెలు రక్తము నేలలోనుండి మొఱపెట్టినప్పుడు, కయీను ఏ పదవిలో ఉన్నాడని దేవుడు అడుగలేదు. మన సంఘంలో ఎవరైనా అన్యాయమునకు గురైనప్పుడు, చేసినవాడు పెద్దవాడని మనం నోరు మూసికొంటున్నామా? ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఈ ప్రశ్నను పిల్లల యెదుట ఉంచండి.